ఎర్రబత్తి, ఎల్లప్ప బేరం

భర్త కృష్ణయ్య పోయాక రాజమణికి మిగిలిన ఆధారం ఒక టాక్సీ. దాన్ని మరిది ఎల్లప్ప నడుపుతున్నాడు. పొద్దున్నే చార్మినార్ దగ్గర నిలబెట్టి, పొద్దుగూకాక ఇంటికి తెచ్చేవాడు. ఏడాదిగా వాళ్లిద్దరి మధ్య ఏ పొరపొచ్చమూ లేదు.

అలాంటివాడు ఒకరోజు మధ్యాహ్నమే తిరిగొచ్చి గుమ్మంలో చతికిలబడ్డాడు.

"వదినె, కారు పనైపోయింది. ఆయిల్ బత్తి ఎర్రగ ఎలుగుతనే ఉన్నది, ఆరుతలేదు. ఇంజన్ల నూనె తిరుగుతలేదన్నట్టు. ఇగ అమ్ముడే నయం. పత్తర్‌గట్టిల అంజన్ అని బట్టల దుకాణమాయన ఉన్నడు. ఎట్లున్నా తీస్కుంటనంటుండు."

బియ్యం చెరుగుతున్న రాజమణి చేతిలో చాట ఆగిపోయింది. బత్తి వెలిగింది ఇవాళ. కొనేవాడు కూడా ఇవాళే ఎలా దొరికాడు?

"మేస్త్రీకి చూపెట్టినవా?"

"చూపెట్టెతందుకు ఏమున్నది?" అన్నాడు, నేలకేసి చూస్తూ.

ఆ చూపే ఆమెకు గుచ్చుకుంది. చాట పక్కన పెట్టి లేచింది. "పా. స్టేషన్ కాడ షెడ్డున్నది, ఆడ చూపెడ్దాం."

"గట్ల నడిపితే ఇంజను పట్టేస్తది వదినె."

"నడపకు. తోద్దాం."

వాడకట్టు వాళ్లను నలుగురిని పిలిచి, దబీర్‌పురా సందుల్లోంచి కారును తోయించింది. షెడ్డు మేస్త్రీ సీమోను ఎల్లప్పను చూడగానే, "ఏం భాయ్, మస్తు దినాలైంది!" అంటూ భుజం మీద చెయ్యేశాడు. రాజమణి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. వీళ్లిద్దరూ ఒకటేనా?

సీమోను నూనె కొలిచే పుల్ల లాగి చూశాడు. నూనె నిండుగానే ఉంది. ఇంజను పక్కనున్న చిన్న స్విచ్ నుంచి తీగ పీకగానే బత్తి ఆరిపోయింది.

"చూసినవా అమ్మా! నూనె జోరుగ తిరుగుతుంటే ఈ స్విచ్ బత్తిని ఆర్పుతది. ఇదన్న ఖరాబై ఉండాలె, లేకుంటే నూనె జోరన్న నిజంగ తగ్గి ఉండాలె. ఏదనేది మీటరు పెడితే తెలుస్తది."

స్విచ్ ఊడదీసి ఆ కంతకు ముల్లున్న మీటరు బిగించబోయాడు.

"ఆగు. మీటరు మంచిగుందని నాకెట్ల తెలువాలె?" అంది రాజమణి. "ఇంజను పోయిన బండి ఏదన్న ఉన్నదా నీ కాడ?"

మేస్త్రీ ఆమెను ఒకసారి తేరిపార చూసి, మూలనున్న, ఇంజను అరిగిన పాత జీపుకు మీటరు బిగించాడు. ఇంజను తిప్పితే ముల్లు కొంచెం లేచి అక్కడే వణికింది. తర్వాత టాక్సీకి పెట్టాడు. ముల్లు చకచకా పైకెక్కి నిలబడింది. ఎంతసేపు చూసినా దిగలేదు.

"ఇంజను గట్టిగున్నది. స్విచ్చే పాడైంది."

కొత్త స్విచ్ తెస్తానని ఎల్లప్ప లేచాడు. "నువ్వుండు," అంది రాజమణి. సీమోనే వెళ్లి తెచ్చి బిగించాడు. ఇంజను మోగగానే ఎర్రబత్తి ఆరింది.

ఆమె మరిది వైపు తిరిగింది. "ఇంజను మంచిగుందని నీకు ఎరుకేనా?"

"ఎరుక లేదు. ఎరుక చేసుకోబుద్ధి కాలే." అన్నాడు ఎల్లప్ప. "బస్ డిపోల నాకు డ్రైవర్ నౌకరీ వచ్చింది వదినె. ఎప్పుడు చెప్పాలెనా అని చూస్తున్న. ఇంతల బత్తి ఎలిగింది. కారు పోయిందంటే నువ్వే అమ్మమంటవనుకున్న. అంజన్ భాయ్‌ని నెల కిందనే అడిగి పెట్టిన."

"నన్నడిగితే నౌకరీకి పోవద్దంటుంటినా?"

"అనవు. ఏడుస్తవు."

ఎల్లప్ప అన్నది నిజమో, దొరికిపోయాడు కాబట్టి అల్లిన మాటో రాజమణికి తేలలేదు. మర్నాడు ఒంటరిగా పత్తర్‌గట్టికి నడిచి అంజన్ దుకాణం ముందు నిలబడింది.

"మా మరిది నీతోని ఏమన్నడు?"

అంజన్ గుడ్డ తాను చుడుతూనే చెప్పాడు. "బేరం మా వదినెతోనే మాట్లాడాలె, నాతోని కాదన్నడు. గంతే."

తిరిగొచ్చేటప్పుడు ఆమె నడక నెమ్మదించింది. ఎల్లప్ప తన చాటున బేరం తెంపలేదన్నమాట. ఇంటి ముందు ఎల్లప్ప కారు అద్దాలు తుడుస్తున్నాడు. తలెత్తలేదు.

"కారు అమ్మేది లేదు," అంది. "డిపోకు పోయే ముందుగాల నమ్మకమున్న డ్రైవర్‌ను చూసి పెట్టు. తీస్కొస్తే ముందు నేనే ఎక్కి చార్మినార్ దాక పోయొస్త."

"ఇంకా అనుమానమేనా వదినె?"

"నీ మీద కాదు, వచ్చేటాయన మీద," అంటూ లోపలికి నడిచింది. "అన్నం తిను, చల్లారిపోతది."