బోణీకి పనికిరాని కాలు

మామిడిచెట్టు మీంచి పడ్డ ఏడు నాకు ముప్పై రెండేళ్ళు. బెజవాడ ఆసుపత్రిలో నా కుడికాలు మోకాలి కింద తీసేశారు. కొలతలు తీసుకుని, మద్రాసు మేస్త్రీ వచ్చే జూన్‌లో కొయ్యకాలు తెచ్చి కడతాడన్నారు. ఆయన రెండు సోమవారాలే ఉంటాడట, పదింటిలోగా రావాలట. కాలుంటే తన మామిడితోటకి కాపలా పెట్టుకుంటానని నారాయణరావుగారు మాటిచ్చారు. కాలు లేని కాపలావాణ్ణి చూస్తే దొంగలు కూడా నవ్విపోతారు.

మా చాట్రాయి నుంచి తెల్లవారుజాము బస్సు ఒక్కటే పదింటిలోగా బెజవాడ చేరుతుంది. మొదటి సోమవారం అందరికంటే ముందు వెళ్ళి తలుపు పట్టుకున్నాను. కండక్టరు వీరరాఘవయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"కాస్త ఆగు పోతురాజూ. ఇంకా బోణీ కాలేదు. మొదటి టిక్కెట్టు నీకు కొట్టానంటే ఈ రోజంతా ఏమవుతుందో నీకు తెలీదా? నలుగురు ఎక్కాక ఎక్కుదువుగాని."

ఆగాను. నలుగురు కాదు, బస్సు పట్టినంతమందీ ఎక్కారు. "నిండిపోయిందయ్యా, ఇహ కుదరదు" అన్నాడు. ఒక్క మాట తిట్టలేదు. తిట్టినా బాగుండేది, తిరిగి తిట్టేవాణ్ణి.

రెండోది ఆఖరి సోమవారం. మా గంగరాజూ మల్లయ్యా నూజివీడు మార్కెట్టుకి మామిడి గంపలు బస్సు మీదికి ఎక్కిస్తున్నారు. నిరుటి దాకా వాళ్ళతో కలిసి కాయ కోసినవాణ్ణే నేను.

"ఈ పూట వీణ్ణి పంపాల్సిందేనండీ" అన్నాడు గంగరాజు. "మనిషిగా వద్దంటే సరుకుగా రానివ్వండి. పైన గంపల మధ్య కూచుంటాడు."

వీరరాఘవయ్య ఆలోచించాడు. సరుక్కి బోణీ పట్టింపు లేదు. సరుకు చీటీలో ఒక గంప ఎక్కువ రాశాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

నూజివీడులో హమాలీలు గంపలన్నీ దించారు. నన్నూ దించారు.

"బోణీ అయిపోయిందిగా, లోపల ఎక్కుతానండీ" అన్నాను.

"లోపల ఖాళీ ఎక్కడుందయ్యా?"

"పోనీ మళ్ళీ పైనే ఎక్కించండి."

"ఎవరెక్కిస్తారు? మీవాళ్ళు చాట్రాయిలోనే ఉండిపోయారు. అయినా నీ చీటీ నూజివీడు దాకానే" అని ఈల ఊదాడు.

కర్ర పట్టుకుని బస్సు వెంట నాలుగు గంతులు వేశాను. అంతకంటే వెయ్యలేకపోయాను.

రోడ్డు పక్కన లక్ష్మీనారాయణగారి మామిడికాయల కొట్టు అప్పుడే తెరుస్తున్నారు. అరుగు మీద కూలబడ్డాను. ఆయన మంచినీళ్ళు ఇప్పించారు. నేను తాగేదాకా ఆగి, "కాస్త అవతల కూర్చో నాయనా, ఇంకా బోణీ కాలేదు" అన్నారు.

తరవాతి బస్సులో అందరూ ఎక్కాక మెట్టు మీద చోటిచ్చారు. ఆసుపత్రి చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. ఆ గదిలో ముసలి ఆయా ఒక్కతే ఉంది. పేరు ఆరోగ్యం. బల్ల మీద నా కాలుంది. నున్నగా, నూనె రాసి, చక్కగా ఉంది.

"మేస్త్రీ పన్నెండింటి బండికే వెళ్ళిపోయాడు నాయనా" అంది.

"ఇలా ఇచ్చెయ్యమ్మా, నేనే కట్టుకుంటాను."

"ఆయన కట్టి సంతకం పెడితేగాని ఇవ్వకూడదు. కట్టించుకోనివాళ్ళవి వెనక్కి పంపెయ్యమన్నాడు."

ఒక్కసారి ముట్టుకోనిచ్చింది. తరవాత గోనెగుడ్డ చుట్టి, పురికొస బిగించి, మడమ దగ్గర ఒక చీటీ కట్టింది. అందులో ఏం రాశారని అడిగితే చదివి చెప్పింది.

"పోతురాజు, చాట్రాయి. బెజవాడ నుంచి మద్రాసు."

"దాన్ని మధ్యలో ఎక్కడా దించెయ్యరుగా?"

"చీటీ ఉందిగా నాయనా, ఎందుకు దించేస్తారు?" అంది.