బోర్లించిన రొట్టె

ఆ నాలుగొందల ఏళ్ల రాతి బంగళాలో ఒక రాత్రి ఉండి వద్దామని పట్టుబట్టింది సోలాంజ్. దాని బురుజు చూసీ కాదు, తోట చూసీ కాదు. అక్కడ దిగినవాళ్లందరూ ఇంటావిడతో పాటు ఒకే బల్ల దగ్గర కూర్చుని భోంచేయాలి. ఆ ఇంటావిడ బెర్నాదెత్‌కి నోరు ఊరుకోదు. ఏ ఊరు, ఏం పని, పిల్లలెంతమంది అని ఆరా తీయందే ఆవిడకి సూపు గొంతు దిగదు. సోలాంజ్‌కి కావలసిందల్లా ఆ చివరి ప్రశ్న.

కూతురు క్లెమాన్స్ వసంతంలో జ్వరంతో పోయింది. ఇప్పుడు అక్రోట్లు రాలే శరత్కాలం. ఇన్నాళ్లలో భర్త తిబో ఒక్కసారి కూడా ఆ పిల్ల పేరు ఎత్తలేదు. బొమ్మలు అటకెక్కించాడు, గది తలుపు మూసేశాడు, పనికి పోతాడు, వస్తాడు, తింటాడు. ఏం మొగుడమ్మా! బతిమాలింది, తిట్టింది, కాళ్ల మీద పడినంత పని చేసింది. పెదవి విప్పితేనా? అసలా పిల్ల పుట్టిందా, తనే కలగన్నదా అని ఒక్కోసారి సోలాంజ్‌కి భయమేస్తోంది. పరాయివాళ్ల ముందైనా ఆ పేరు అతని నోట వినాలి. అందుకే వచ్చింది.

సూపు అయింది, బాతు మాంసం వచ్చింది. బెల్జియం నుంచి వచ్చిన జంట తమ మనవల ముచ్చట్లు ముగించారు. బెర్నాదెత్ ఇటు తిరిగింది.

"మరి మీకు పిల్లలెంతమంది బాబూ?"

సోలాంజ్ తిబో మొహంలోకి చూసింది.

"లేరండీ," అన్నాడు తిబో, మాంసం కోసుకుంటూ. "మాకు పిల్లల్లేరు."

పోనీలెండి, ఆ బురుజు మెట్లంటే పిల్లలు జడుసుకుంటారు, మీరు హాయిగా నిద్రపోతారు అని ఇంటావిడ నవ్వింది.

తిబో రొట్టె కోసం చెయ్యి చాచాడు. బల్ల మధ్యన ఆ గుండ్రటి రొట్టె సరిగ్గానే ఉంది. అతను దానివైపు చూడనైనా చూడకుండా పట్టుకుని తిరగేశాడు. అడుగు పైకొచ్చింది.

"అయ్యో, రొట్టె బోర్లిస్తారా ఎవరైనా? ఇంట్లోకి చావుని పిలుస్తున్నారా?" అంటూ బెర్నాదెత్ శిలువ గుర్తు వేసుకుంది.

సోలాంజ్‌కి వెంటనే అర్థమైంది. ఇంట్లో పూటపూటా రొట్టె బోర్లించేది క్లెమాన్స్, నాన్నను ఉడికించడానికి. విసుక్కుంటూ, నవ్వాపుకుంటూ దాన్ని తిరగేసేది తిబో. ఆ చెయ్యి ఇంకా ఆ అల్లరిని సరిదిద్దుతూనే ఉంది.

"అది మా అమ్మాయి వల్ల వచ్చిన అలవాటండీ," అనేసింది సోలాంజ్. "మా క్లెమాన్స్... చెప్పు తిబో. చెప్పవూ?"

తిబో మొహం పాలిపోయింది. రొట్టెవైపు చూశాడు. పెదవులు కదిలాయి. వచ్చేసిందనుకుంది ఆమె.

"మా ఆవిడకి ఒంట్లో బాగుండటం లేదు," అన్నాడు ఇంటావిడతో, మెల్లగా. "ఏదేదో అంటుంది. ఏమీ అనుకోకండి."

అందరూ నమ్మారు. బెల్జియం ఆవిడ జాలిగా తల దించుకుంది. బెర్నాదెత్ లేచొచ్చి సోలాంజ్ భుజం నిమిరి, వేడివేడిగా పూలకషాయం పెట్టిస్తాను, తాగి పడుకో తల్లీ అంది. తిబో అరచెయ్యి ఇంకా ఆ రొట్టె మీదే ఉంది, వేళ్లు దాని అడుగుని తడుముతున్నాయి. సోలాంజ్ ఆ వేళ్లనే చూసింది. ఇక ఆ పేరు ఈ జన్మలో వినబోవడం లేదని తెలిసిపోయింది.

"సరేనండీ," అంది. "ఒంట్లో బాగాలేదు. కషాయం ఇవ్వండి."