మేనమామ ఒడి

తాడేపల్లిగూడెంలో నాది ధాన్యం వ్యాపారం. బస్తాకి ఇనపగొట్టం గుచ్చి, గుప్పెడు గింజలు చూసి సరుకు సంగతి తేల్చేస్తాను. ఒక రకంలో మరో రకం వడ్లు కలిస్తే నా కన్ను దాటిపోవు.

మా అబ్బాయి జోగారావు ఎత్తుకుంటేనే ఒళ్ళు కమిలే పిల్లవాడు. తొమ్మిదో ఏట పాలపన్ను ఊడింది. చిగుళ్ళ నుంచి కారే నెత్తురు ఎవరు ఏం చేసినా ఆగలేదు. దాంతోనే పోయాడు. మా ఆవిడ శేషారత్నం తమ్ముడు కూడా కొడవలి గీసుకుని అలాగే పోయాడట. ఇది ఆమె పుట్టింటి జబ్బని తేల్చుకున్నాను. అందుకే కూతురు విజయకుమారిని మేనరికం చెయ్యకుండా కొల్లేరు అవతల కలిదిండిలో, ఏ చుట్టరికమూ లేని ఇంట్లో, ఉన్నదంతా చెప్పే ఇచ్చాను. ఇంటిపేరు మారింది, గోత్రం మారింది. ఆ నష్టం అక్కడితో తెగిపోయిందని లెక్క వేసుకున్నాను.

1938లో అమ్మాయికి కొడుకు పుట్టాడు. ఏడాది నిండకుండా చెవులు కుట్టిస్తున్నామని కబురొచ్చింది. పిల్లవాణ్ణి మేనమామ ఒడిలో కూర్చోబెట్టాలి. మేనమామ లేడు గనక నన్ను రమ్మన్నారు. దారిలో ఏలూరులో దిగి, మద్రాసులో చదువుకొచ్చిన డాక్టర్ అచ్యుతరావుగారికి సంగతంతా చెప్పాను.

"జేబులో వడ్లున్నాయా?" అన్నాడాయన. నేను తీసిచ్చిన వాటిలోంచి ఒక ఎర్రగింజ, ఒక తెల్లగింజ బల్ల మీద పెట్టాడు. "మన ఒంట్లో క్రోమోజోములని సన్నటి పోగులుంటాయండి. ఈ జబ్బు మోసే పోగు ఆడవాళ్ళకి రెండు. ఒకటి ఈ ఎర్రగింజలా చెడ్డదైనా, రెండోది కాపాడుతుంది. కొడుక్కి తల్లి నుంచి ఏదో ఒకటే వస్తుంది. చెడ్డది వస్తే కాపాడడానికి వాడికి రెండోది లేదు."

"పిల్లవాడిది వాళ్ళ తండ్రి ఇంటిపేరు కదండీ?" అన్నాను.

"దానికీ దీనికీ సంబంధం లేదండి."

"మా అమ్మాయి దగ్గర ఎర్రగింజ ఉందో లేదో చూసి చెప్పండి."

"ఆమెని చూసి చెప్పలేం. పిల్లవాడి నెత్తురు తీసి గడ్డ కడుతుందో లేదో చూడొచ్చు. జబ్బే ఉంటే ఆ సూదిపోటే ముప్పు. తెలిసినా మందు లేదు. చెవులు మాత్రం కుట్టించకండి."

కలిదిండి చేరేసరికి పీట వేసి ఉంది. కంసాలి బంగారపు తీగ సానబెడుతున్నాడు.

"రండి అన్నయ్యగారూ!" అంది వియ్యపురాలు వీరరాఘవమ్మ. "మనవడికి నన్ను నీళ్ళు కూడా పొయ్యనివ్వదు మీ అమ్మాయి. మీ ఒళ్ళోనైనా కూర్చోనిస్తుందేమో చూద్దాం."

అందరి ముందూ ఎలా చెప్పాలో తేలక, పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తీగ చూడగానే పిల్లవాడు గింజుకున్నాడు. కంసాలి ముందుకు వంగాడు. పిల్లవాణ్ణి చంకల కింద ఒడిసిపట్టి వెనక్కి లాక్కున్నాను.

"వద్దండీ. కుట్టొద్దు."

డాక్టరు మాట చెప్పాను. వీరరాఘవమ్మ నవ్వింది. "మీ ఆవిడగారి పుట్టింటి జబ్బు మీ ఇల్లు దాటి మా ఇంటికెలా వస్తుందండీ? అదేమన్నా రైలుబండా, స్టేషను స్టేషనుకీ ఆగడానికి? వీడు మా వంశం."

"నేనూ అలాగే అనుకున్నాను చెల్లెమ్మగారూ."

ఆవిడ పిల్లవాడి చొక్కా పట్టి లాగింది. నేను వదల్లేదు. పిల్లవాడు ఏడుస్తున్నాడు. చివరికి అల్లుడు లేచాడు. "ఈ ఏటికి ఆగుదాం అమ్మా."

"చెవులెక్కడికీ పోవు లెండమ్మగారూ," అని కంసాలి తీగ చుట్టేశాడు.

గెలిచాననుకున్నాను. నా లెక్కలో ఎన్నాళ్ళకో ఒక లాభం కనిపించింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

తెల్లవారి దొడ్లో విజయకుమారి ఒక్కతే పిల్లవాడికి నీళ్ళు పోస్తోంది. దగ్గరికి వెళ్ళాను. వాడి చంకల కింద, నా వేళ్ళు ఎక్కడ పట్టాయో అక్కడల్లా, నేరేడుపండు నలిపినట్టు నల్లగా కమిలి ఉంది. గొట్టం గుచ్చకుండానే సరుకు తేలిపోయింది.

అమ్మాయి గబుక్కున తువ్వాలు కప్పింది.

"నేనే గట్టిగా పట్టుకున్నానమ్మా," అన్నాను.

"నేను మెల్లగా పట్టుకున్నా అంతేనండి నాన్నగారూ." తల ఎత్తలేదు. "బోర్లా పడ్డం నేర్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. అత్తయ్యగారితో అనకండి. మందేమన్నా ఉందన్నారా డాక్టరుగారు?"

బేరంలో ఎన్నడూ తడబడని నోరు నాది. ఖాళీ చెంబు తీసి పక్కన పెట్టాను. ఆమె మళ్ళీ అడగలేదు. వాడి చొక్కా గుండీలు మెల్లగా పెట్టింది.

పిల్లవాడు నన్ను చూసి నవ్వి, ఎత్తుకోమని చేతులు చాచాడు. ఎక్కడ పట్టుకుని ఎత్తాలో తెలియలేదు. నా చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను.