కంపెనీకి రాయి

ఓటుకు బయలుదేరే ముందు నయన తన అవ్వ చిన్నవెంకటమ్మను కూర్చోబెట్టి, పంచాయతీ ఎన్నికల్లో నిలబడిన ఈశ్వరప్ప మీదున్న కేసులన్నీ ఫోన్లో చూసి చదివి వినిపించింది. జాబితా పూర్తయ్యేలోపు ఆవు పాలిచ్చింది, ఆ పాలు తోడుకున్నాయి కూడా.

"శిక్ష పడినోడికి ఓటేస్తావా అవ్వా?"

అవ్వ వక్క బుగ్గన పెట్టుకుని, "అందులో మన బస్సు కేసు యాడుండాది?" అంది.

నయన ఫోను పక్కన పెట్టేసింది. ఆమె పని నరసాపురంలో, విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో. కంపెనీ బస్సు ఊరి మలుపులో ఆగకపోతే హైవే దాకా మూడు మైళ్ళు నడవాలి. పక్క ఊరి అమ్మాయిలిద్దరు అలా నడవలేకే పని మానేశారు.

ఆ బస్సు ఆగడానికి ఒకే ఒక్క మాట కారణం. రెండేళ్ళ కిందట ఊరి సభలో రిటైరైన మేష్టరు రామకృష్ణప్ప, "కంపెనీకి రాయి," అని ఈశ్వరప్పకు చెప్పాడు. అర్జీ రాయమని ఆయన ఉద్దేశం. మర్నాడు ఈశ్వరప్ప రాయే పంపాడు, బస్సు అద్దంలోంచి. మేష్టరు చెప్పిందే చేశానని కోర్టులోనూ విన్నవించుకున్నాడు. ఆరు నెలల శిక్ష పడింది, అప్పీలు నడుస్తోంది. బస్సు మాత్రం అప్పటినుంచి మలుపు ఇంకా కనబడకముందే బ్రేకు వేస్తోంది.

మేష్టరు కూడా పోటీలో ఉన్నాడు. సైకిలుకు లైటు వెలగకపోతే దిగి నడిపించుకుపోయే మనిషి. నయన నేరుగా ఆయన దగ్గరికే వెళ్ళి, గెలిస్తే స్టాపు ఉంటుందా అని అడిగింది. బెదిరించి తెచ్చుకున్నదాన్ని ముందు తీయించేసి, తర్వాత రూలు ప్రకారం అర్జీ పెడతానని ఆయన ఎంతో ప్రేమగా చెప్పాడు.

"అది వచ్చేదానికి ఎన్నాళ్ళయితాది సార్?"

"రాసేది నా పని తల్లీ. జవాబు వాళ్ళ పని."

పోలింగ్ బూత్‌లో ఓటు ముద్ర చేతిలో పట్టుకుని నయన ఎంతసేపు నిలబడిందంటే, వెనక వరసలో కొందరికి గడ్డాలు పెరిగాయి. చివరికి పళ్ళు కొరుక్కుంటూ ఈశ్వరప్ప గుర్తు మీదే గుద్దింది.

బయట రోడ్డు మీద ఈశ్వరప్ప చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. ఆమె ముఖం చూసి ఒకడుగు వెనక్కి వేశాడు.

"గెలిస్తే స్టాపు రూలు ప్రకారం నిలబెట్టాలన్నా. నువ్వే కంపెనీకి..."

మాట నాలుక చివరిదాకా వచ్చింది. గబుక్కున మింగేసింది.

"...ఉత్తరం పంపు. కాగితం మీద. పెన్నుతో."