వినపడని మొదటి దెబ్బ

నేను ఒక పెట్టెను. పెరూ దేశంలో నన్ను కహోన్ అంటారు. ఆ మాటకు అర్థం కూడా పెట్టే. ఐదు వైపుల మందపు చెక్క, ముందు పలుచని పలక, వీపున ఒక రంధ్రం. అంతకు మించి నాలో అలంకారమేమీ లేదు. వాయించేవాడు నా మీదనే కూర్చుని, మోకాళ్ల నడుమ వంగి, ఆ పలకపై అరచేతులతో కొడతాడు. తమను మోసేదానినే కొట్టడం మనుషులకు కొత్త కాదు గనుక దాని గురించి ఫిర్యాదు చేయను. నా ఫిర్యాదు వేరు.

కయావ్ రేవులో మూటలు మోసే ఒక నల్లజాతి కూలీ, ఎండుచేపలు వచ్చిన పెట్టెను విప్పి, చిత్రిక పట్టి నన్ను చేశాడు. తమ పూర్వులను బానిసలుగా తెచ్చిన దొరలు డోళ్లు మోగరాదని శాసిస్తే, ఆ బానిసలు సరుకుల పెట్టెలను తిరగేసి వాయించారని ఆయన చెప్పేవాడు. పదేళ్ల వరకు నా ఒంటికి చేపల వాసన పోలేదు. ఆయన తరువాత ఆయన కోడలు ఫెలీపా ఇంట ఉన్నాను. ఆమె లిమా నగరంలో సన్యాసినులుండే ఒక కాన్వెంటుకు బట్టలు ఉతికే వితంతువు. ఆమె కొడుకు హిలారియో, కాళ్లు నేలకు అందకముందే నన్ను వాయించడం నేర్చాడు.

ఫెలీపా ఉతుకులో ఒక లెక్క ఉండేది. తడిసిన దుప్పటి మొదటి లెక్కకు పైకి లేస్తుంది, అప్పుడు చప్పుడుండదు. రెండో లెక్కకు రాతిమీద పడుతుంది. చెవితో వినేవాడికి పడిన దెబ్బే మొదటిదనిపిస్తుంది. ఎత్తిన చేతికి మాత్రం ఎత్తడంతోనే మొదలైందని తెలుసు. తాళంలో సమం దాటి ఎత్తుకునే పల్లవులు విన్నవారు మీరు. మీకు విడమరచి చెప్పనక్కరలేదు. హిలారియో ఆ నడకను నా మీదకు తెచ్చి, దానికొక రాగం కట్టి, ‘ఉతికే అమ్మ’ అని పేరు పెట్టాడు.

ఇరవై రెండో ఏట అతడు ‘ఎర్ర పొగమంచు’ అనే బృందంలో చేరాడు. ముగ్గురే మనుషులు, ముప్పైమంది చేసేంత రొద. గిటారు వాయించే ఆల్వారో బెల్మోంతె ఇంట్లో ఈతకొలను ఉండేది. బతుకులో కష్టమనేది లేదు గనుక పాటల్లో దానినే ఏకరువు పెట్టేవాడు. బేస్ గిటారు ఎఫ్రయిన్ చాంగ్‌ది. వీధి మొగలో తండ్రి పచారీ కొట్టు నడిపే చీనా కుటుంబంవాడు, నెమ్మదస్తుడు, ఎదుటివాడి ముఖం చూసి నవ్వేవాడు. వేదిక వెనుక తెల్లటి దుప్పట్ల మీద రంగునూనెల వెలుగులు పాకుతుంటే మైకం కమ్మించే ఆ సంగీతాన్ని సైకెడెలిక్ రాక్ అనేవారు. ఆ దుప్పట్లు ఉతికింది ఫెలీపా. ఆ సంగతి ఏ పత్రికా రాయలేదు.

కొత్త డ్రమ్ములు వచ్చాయి గనుక హిలారియో నన్ను పీటగా వాడాడు. నేను పాతకాలపుదానిలా కనబడుతున్నానని ఆల్వారో వెండిరంగు గుడ్డ కప్పించాడు. ఒక కచేరీలో గిటారు తీగ తెగింది. అతడు తీగ మార్చుకునేలోగా జనం ఈలలు వేయసాగారు. హిలారియో పుల్లలు కింద పెట్టి, గుడ్డ లాగిపారేసి, ‘ఉతికే అమ్మ’ పాడుతూ నన్ను వాయించాడు. ఈలలు ఆగిపోయాయి. ఆ రాత్రి నుంచి జనం అడిగింది ఆ ఒక్క పాటనే.

హిలారియో వాయించిన ఆ పాటతోనే మూడు నెలలకు రికార్డు వచ్చింది. దాని మీద పాట, సంగీతం రెండింటికీ ఆల్వారో పేరే ఉంది.

హిలారియో అడిగితే ఆల్వారో నొచ్చుకున్నాడు. దొంగలకు నొచ్చుకునే గుణం మెండు.

“నువ్వు వాయించావు తమ్ముడూ, నేను పాట చేశాను. రెండూ ఒకటెట్లా అవుతాయి?” అన్నాడు.

అతడు చేసినది ఇంతే. పాటల హక్కులు నమోదు చేసే కార్యాలయంలో స్వరలిపి రాసిన కాగితం ఇస్తేనే పేరు నమోదవుతుంది. హిలారియోకు స్వరలిపి రాదు. సంగీత కళాశాలలో రెండేళ్లు చదివిన ఆల్వారో, విన్నది విన్నట్టు రాసి ఇచ్చాడు. విన్నది విన్నట్టు రాశాడు గనుకనే తప్పు రాశాడు. వినబడిన దెబ్బను మొదటి లెక్కగా పెట్టాడు.

ఫెలీపా ఆ కార్యాలయంలో ఫిర్యాదు చేసి, కొడుకును వెంటబెట్టుకుని, నన్ను నెత్తిన పెట్టుకుని విచారణకు వెళ్లింది. ఆల్వారో, ఎఫ్రయిన్ కూడా వచ్చారు. ఆల్వారో కాగితాన్ని కార్యాలయంలోని పియానో వాద్యకారిణి చూసి వాయించింది. తరువాత రికార్డు పెట్టారు. రాగం అదే, నడక అది కాదు. కాగితంలోని పాట ఒక కాలు పొట్టిదైన కుర్చీలా కుంటింది. గదిలో అందరికీ అర్థమైంది. ఎఫ్రయిన్‌కు అందరికంటే ముందు అర్థమైంది, ఎందుకంటే అతడికీ స్వరలిపి వచ్చు.

ఫెలీపా అతడి వైపు తిరిగింది. “నువ్వు రాయగలవు గదా బాబూ. తప్పెక్కడుందో చెప్పు.”

ఎఫ్రయిన్ తన బూట్లను పరిశీలించాడు. రెండో రికార్డులో అతడి పాట ఒకటి వేస్తానని ఆల్వారో మాటిచ్చి ఉన్నాడు. దొంగతనం చేసినవాడికంటే చూసి నోరు మెదపనివాడి మీదనే నాకు కోపం ఎక్కువ. మొదటివాడికి ఆశ ఉంది. రెండోవాడికి తెలివి ఉంది.

అధికారి తీర్పు రాశాడు: చట్టం దృష్టిలో పాట అంటే కాగితం మీద ఉన్నదే, రికార్డులో తేడా వినబడితే ఆ తప్పు వాయించినవారిది.

హిలారియో బృందాన్ని విడిచి రేవులో పనికి కుదిరాడు. తాత మోసిన మూటలే మోశాడు. ఇంటికి వచ్చి నా వైపు చూసేవాడు కాడు. ఆల్వారో వేరొకడిని పెట్టుకుని, కాగితం ప్రకారమే పాట నేర్పించి, పెద్ద మైదానంలో కచేరీకి దిగాడు. పాట సగంలో ముగ్గురూ మూడు దారులు పట్టారు. జనం మొదట నవ్వారు, తరువాత నారింజ తొక్కలు విసిరారు. పుట్టిన పద్నాలుగు నెలలకు ‘ఎర్ర పొగమంచు’ విడిపోయింది. నేను సంతోషించలేదని అబద్ధం చెప్పను.

అయితే వాళ్లు చెడినంత మాత్రాన న్యాయం జరిగినట్టు కాదు. పేరు ఇంకా అక్కడే ఉంది.

యాభై ఏడేళ్ల ఫెలీపా కాన్వెంటుకు వెళ్లి, గాయకబృందాన్ని నడిపే సిస్టర్ పెర్పెతువాను స్వరలిపి నేర్పమని అడిగింది. ఆ సన్యాసిని ముక్కోపి. గీత వంకర పోతే స్కేలుతో వేళ్ల మీద కొట్టేది. సబ్బునీటికి పగిలిన ఆ వేళ్లు ఏడాదిపాటు దెబ్బలు తిని, చివరకు ఒక పుట నింపాయి. ఆ పుటలో మొదటి లెక్క దగ్గర స్వరం లేదు, ఒక లెక్క ఆగమనే విరామ చిహ్నం ఉంది.

అధికారి కాగితం తీసుకున్నాడు. నమోదు చేస్తానన్నాడు, కానీ పక్కన ‘బెల్మోంతె పాటకు అనుకరణ’ అని రాశాడు.

ఫెలీపా పాత తీర్పు నకలు తీసి బల్ల మీద పెట్టింది. “పాటంటే కాగితమేనని తమరే రాశారు గదయ్యా. ఈ రెండు కాగితాలూ ఒకటేనా?”

కాదని అతడు ఒప్పుకోక తప్పలేదు.

“మరి ఇది దానికి అనుకరణ ఎట్లా అయింది?”

రేపు రమ్మన్నాడు. ఆమె వెళ్లలేదు. అతడి గది గుమ్మం ఎదుట నన్ను వేసుకుని కూర్చుంది. కార్యాలయం తెరిచింది మొదలు మూసేదాకా, మూడు రోజులు, ఆ పాటనే వాయించింది. రెండో రోజుకు గుమాస్తాలు తమకు తెలియకుండానే ముద్రలను ఆ నడకలో కొట్టసాగారు. మూడో రోజు పియానో వాద్యకారిణి బయటికి వచ్చి, ఫెలీపా కాగితాన్ని తన గదిలోకి తీసుకువెళ్లి వాయించింది. తిరిగి వచ్చి అధికారితో ఒకే మాట అన్నది: “రికార్డులో ఉన్నది ఇదేనండి.”

అధికారి ‘అనుకరణ’ అన్న ఆ రాతను కొట్టేశాడు. రికార్డులోని పాటకు కర్తగా కొత్త పేరు రాసి, ఇక లేవమన్నట్టు నమోదు పుస్తకాన్ని ఆమెకు చూపించాడు. ‘హిలారియో సరవియా’ అని ఉంది. మా దేశంలో మనిషికి రెండు ఇంటిపేర్లు, తండ్రిది ముందు, తల్లిది వెనుక.

“రెండోది కూడా రాయండి,” అన్నది ఫెలీపా.

తొందరలో రెండోది ఎవరూ రాయరని అతడన్నాడు. ఆమె అరచేతులు మళ్లీ నా పలక మీదకు వచ్చాయి. అతడు కలం సిరాలో ముంచి, ‘మెదీనా’ అని రాశాడు.

అప్పుడు ఆమె లేచింది.