అమ్ముడుపోని టికెట్లు

మొగుడి మీద కోపంతో అతని అకార్డియన్‌ను లాటరీకి ఇచ్చేసిన ఆడది మోంతల్బీనో కొండల్లో నీవెస్ ఒక్కతే. ఆ మొగుడేమో ఫిబ్రవరిలోనే పోయాడు. పోయినవాడి మీద కోపమేమిటని అడగకండి. నలభై ఆరేళ్లు ఒకే కప్పు కింద బతికి, చెప్పాపెట్టకుండా వెళ్లిపోతే రాదా?

బీరువా తలుపు తీసినప్పుడల్లా ఆ అకార్డియన్ పెట్టె కాస్త కదిలి, దానంతట అదే ఒక్క స్వరం నిట్టూర్చేది. నీవెస్‌కు ఒళ్లు మండేది. ఒకరోజు దాన్ని భుజాన వేసుకుని దిగువ వీధిలో కాఫీ బార్ నడిపే ఆర్జీయా దగ్గరికి పోయి, గల్లా బల్ల మీద దబ్బున పెట్టేసింది. ఊరి అంబులెన్స్ కోసం ఏటా సెప్టెంబర్లో ఊరి పండగకు లాటరీ వేస్తారు. టికెట్లు అమ్మేది ఆర్జీయానే. ఆమె మొగుడు ఒలిందోను ఆస్పత్రికి మోసుకెళ్లింది కూడా ఆ డొక్కు బండే. అతను ముప్పై ఏళ్లపాటు ఏటా ఒక్క టికెట్ కొన్నాడు, ఎప్పుడూ ఇరవై ఏడో నంబరే. ఏనాడూ ఒక నూనె సీసా కూడా తగల్లేదని ఊరంతా ఆటపట్టించేవారు.

మూడు రోజులు గడిచాయో లేదో, నీవెస్‌కు ఇంట్లో ఊపిరాడలేదు. పెట్టె ఉన్నన్నాళ్లూ ఒలిందో ఎక్కడో పెళ్లిలో వాయించడానికి పోయినట్టుండేది. పెట్టె పోయాకే అతను నిజంగా పోయాడు. పరుగున పురపాలక కచేరీకి వెళ్లి తర్చీజియోను పట్టుకుంది. ఊరికంతటికీ ఉన్న ఒకే ఒక్క పోలీసు అతను. లాటరీ డ్రా మేయరు తరఫున దగ్గరుండి జరిపించేదీ అతనే. రూలు తప్పాడని తన సొంత తమ్ముడి బండికి చలానా రాసిన ముక్కుసూటి మనిషి.

బహుమతుల జాబితా జిల్లా అధికారికి వెళ్లిపోయిందన్నాడు తర్చీజియో. అందులో మొదటి బహుమతి అకార్డియనే. జాబితా మార్చాలంటే కొత్త అర్జీ పెట్టాలి, మళ్లీ ముప్పై రోజులు ఆగాలి, ఆలోపు పండగ కాస్తా అయిపోతుంది.

"నా చేతుల్లో ఏముంది, నీవెస్ గారూ? అందరిలాగే టికెట్ కొనుక్కోండి," అన్నాడు తల వంచుకుని.

అమ్మకాలు మొదలైన రోజే ఆమె పది టికెట్లు కొంది. అంతకుమించి ఆమె పింఛను సాగలేదు. ఈ సంగతి ఆర్జీయా చెవిన పడిందంటే ఊరి చెవిన పడినట్టే. మర్నాటినుంచి బార్‌లో కొత్త వరస మొదలైంది. కాఫీ తాగడానికి వచ్చినవాళ్లు టికెట్ డబ్బులు అంబులెన్స్ హుండీలో వేసి, టికెట్ మాత్రం వద్దని పోయేవారు. అమ్ముడుపోని టికెట్లను డ్రాకు ముందే రద్దు చేయాలని రూలు. ఇక డ్రా తీసే డ్రమ్ములో నీవెస్ టికెట్లు తప్ప ఏముంటాయి? ఊరు తన తెలివికి తానే మురిసిపోయింది. నీవెస్‌కు ఒక్కరూ చెప్పలేదు.

పండగ ఆదివారం ప్రార్థన ముగిశాక అందరూ కచేరీ హాల్లో చేరారు. తర్చీజియో టికెట్ పుస్తకాలన్నీ తిరగేసి, మిగిలిన టికెట్ల మీద అడ్డగీతలు కొట్టి, గొంతు సవరించుకుని ప్రకటించాడు: అమ్ముడైనవి పదకొండు.

హాలు గతుక్కుమంది. పదకొండోది ఎవడు కొన్నాడు? అందరూ లాటరీ పిచ్చోడని పేరున్న మందులషాపు వాడి వంక కొరకొరా చూశారు. వాడు నాకేం తెలియదని చేతులూపాడు. ఆర్జీయా మాత్రం చేతిసంచి గట్టిగా పట్టుకుని నేల చూపులు చూస్తోంది.

బహుమతులు పది. పదో దాంతో మొదలెట్టి మొదటిదానికి వస్తారు. తీసిన టికెట్‌ను తిరిగి డ్రమ్ములో వేయకూడదు. పదో బహుమతి నూనె డబ్బా, నీవెస్‌కు. తొమ్మిదోది జున్ను, నీవెస్‌కు. అందరూ చప్పట్లు కొట్టారు. కుందేలు, గొడుగు, తేనె, దుప్పటి కూడా ఆమెకే. సైకిల్ వచ్చేసరికి చప్పట్లు పలచబడ్డాయి. ఎండబెట్టిన పంది తొడ వచ్చేసరికి అందరి ముఖాలూ పాలిపోయాయి. మంచితనం పొంగి పొర్లినవాళ్లలో ఒక్కడికైనా ఈ లెక్క తట్టలేదు! గెలిచిన కొద్దీ ఆమె టికెట్లు ఖర్చయిపోతున్నాయి. రెండో బహుమతి గోడ గడియారం కూడా ఆమెకే పోయాక, డ్రమ్ములో రెండే మిగిలాయి. ఒకటి ఆమెది, ఒకటి ఎవరిదో.

నీవెస్ ఒళ్లో కుందేలు బోను పట్టుకుని కూర్చుంది. ఆ పెట్టె మాత్రం పోనివ్వకు దేవుడా, ఇవన్నీ తీసేసుకో అనుకుంది.

తర్చీజియో చెయ్యి పెట్టి తీశాడు.

"ఇరవై ఏడు."

ఆమెది కాదు. నీవెస్ కళ్లు మూసుకుంది. అతను పేరు కోసం పుస్తకంలో మిగిలిన సగం ముక్క వెతికి, చూసి, ఆగిపోయాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఒలిందో అని రాసుంది," అన్నాడు మెల్లగా.

ఆర్జీయా ఏడుస్తూ ముందుకొచ్చి, సంచిలోంచి టికెట్ తీసి నీవెస్ చేతిలో పెట్టింది.

"మొదటి రోజే చింపానే. ముప్పై ఏళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే పోయింది. రాసేశాక గుర్తొచ్చింది, మనిషి లేడని. ఇంకొకరికి ఇవ్వబుద్ధి కాలేదు. డబ్బులు నేనే వేశాను. నీకు చెబితే బాధపడతావని నోరు మూసుకున్నా."

అందరి చూపూ తర్చీజియో మీదే. అతను లాటరీ నిబంధనల కాగితం పైనుంచి కిందిదాకా చదివాడు.

"టికెట్ అమ్ముడైందా లేదా అన్నదే రూలు. కొన్నవాడు బతికుండాలని ఇందులో ఎక్కడా లేదు," అన్నాడు.

నీవెస్‌కు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "ముప్పై ఏళ్లు ఒక్క నూనె సీసా తేలేదయ్యా నువ్వు," అంది, ఎదురుగా ఉన్నవాడితో అన్నట్టే. కుందేలు బోను మందులషాపు వాడి ఒళ్లో పెట్టింది. పంది తొడ ఇక్కడే కోసి అందరికీ పంచమని ఆర్జీయాతో చెప్పింది.

తర్చీజియో రిజిస్టరులో గెలిచినవారి పేరు దగ్గర ఒలిందో అని రాసి, అందుకున్నవారి దగ్గర భార్యగా నీవెస్‌తో సంతకం చేయించాడు. మోస్తామని నలుగురు ముందుకొస్తే ఆమె ఒప్పుకోలేదు. పట్టీలు తనే భుజాలకు తగిలించుకుంది. గుమ్మం దాటేటప్పుడు పెట్టె ఎప్పటిలాగే ఒక్క స్వరం నిట్టూర్చింది.

"వస్తున్నాలే, పద," అంది నీవెస్.