ముందొచ్చే చప్పుడు

రోజూ సాయంత్రం, ముందుగా చప్పుడు ఇల్లు చేరేది. ఆ తర్వాత కాసేపటికి వ్యాను వచ్చేది.

ఆ చప్పుడు పాత డీజిల్ ఇంజనుది. కొడుకు బతికున్నన్నాళ్లూ ఆ వ్యానులోనే బేకరీ రొట్టెలు దుకాణాలకి చేరవేశాడు. అతను పోయాక స్టీరింగు కోడలి చేతికొచ్చింది. ఊరి నడిబొడ్డులోకి డీజిల్ బళ్లను రానివ్వడం మానేశాక, ఆమె ఇంజను తీయించి బ్యాటరీ, మోటారు పెట్టించింది. ఇంజను తుక్కులోకి పోయింది గానీ చప్పుడు పోలేదు. బడబడమంటూ సందు మలుపు తిరిగేది. బంతాడుకునే పిల్లలు పక్కకి జరిగి దారిచ్చేవాళ్లు. గేటు దగ్గర రెండుసార్లు దగ్గి ఆగేది. లోపల చొక్కాలు కుడుతున్న అత్త మిషను ఆపి, లేచి పొయ్యి వెలిగించేది.

అందుకే ఊరు వదిలి వెళ్తానని చెప్పడానికి కోడలికి నోరు పెగల్లేదు. వ్యాను మార్చిన వర్క్‌షాపు వాళ్లు పక్క ఊళ్లో ఇంకోటి తెరిచారు. మోటారు బిగిస్తున్నంతసేపూ పక్కనే నిలబడి సవాలక్ష ప్రశ్నలడిగిన ఈమె వాళ్లకి గుర్తుంది. వచ్చి పని నేర్చుకో, జీతమిస్తాం అన్నారు. అప్పట్నుంచీ ఆమె కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరుగుతోంది. ఆ చప్పుడొచ్చే గుమ్మం వదిలి అత్త కదలదు. అక్కడికి చేరాక ఫోన్ చేసి, ఆడపడుచుని అత్తకి తోడుగా రమ్మంటే సరి అనుకుంది.

ఆ పొద్దున బట్టల సంచి సీటు కిందకి తోసి, ఎప్పటిలాగే "వెళ్లొస్తా అత్తయ్యా" అంది. వ్యాను పిల్లిలా సందు దాటేసింది.

ఊరి చివర ఛార్జింగుకి ఆగాల్సొచ్చింది. డీజిలైతే పోయించుకుని పోయేది. ఇప్పుడు తీగ తగిలించి కూర్చోవాలి. దిగింది, ఎక్కింది, అద్దం తుడిచింది, తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచింది. సగమన్నా నిండకుండానే తీగ పీకెయ్యబోయింది.

అప్పుడు వినబడింది బడబడ. రావాల్సిన వేళ కాదు. పెద్దవాళ్ల నడకకి తగ్గట్టు మెల్లగా వస్తోంది. దాని వెనకే చెప్పులీడ్చుకుంటూ అత్త. కొలతల టేపు ఇంకా మెడలోనే ఉంది.

"నువ్వెళ్లగానే గేటు దగ్గర ఈ చప్పుడు ఒకటే గోల. సరే పద, అని వచ్చా," అంది రొప్పుతూ. సీటు కింద సంచి చూసింది. "ఎందాకా?"

"పక్క ఊరికి. పని నేర్పుతారట. మీకు చెబితే..."

"వద్దనేదాన్ని. రెండ్రోజులు మూతి ముడుచుకునేదాన్ని. ఆపైన సర్దుకునేదాన్ని. ఆ రెండ్రోజులు ఓర్చుకోలేకపోయావా?"

కోడలు తల దించుకుంది. "మీ కోసం వస్తుంది కదా, ఆ చప్పుడు. దాన్నొదిలి మీరు రారనుకున్నా."

"నా కోసమైతే ఇంటి దగ్గరే ఉండేదిగా. పగలంతా నీ వెంట తిరిగి, నువ్వొస్తున్నావని నాకు కబురు తెస్తోంది. అంతే."

అత్త ఎక్కి పక్క సీట్లో కూర్చుంది. చెప్పులు విప్పి అరికాళ్లు నొక్కుకుంది.

"మిషను పడుతుందా వెనకాల?"

"రొట్టెల అరలు తీసేస్తే పడుతుంది."

"అయితే ఇంటికి తిప్పు."

"ఇంకా నిండలేదు అత్తయ్యా."

"నిండనీ. నాకూ ఊపిరందాలి."

కోడలు వర్క్‌షాపుకి ఫోన్ చేసి, ఇవాళ కాదు, రేపొస్తామని చెప్పింది. వస్తామంటే ఎవరెవరని అవతలి మనిషి అడిగాడు.

"నేనూ, మా అత్తయ్యా," అంది.